విజయనగరంలో ఒక ఇత్తడి సామాన్ల కొట్టు: సరుకు సరే, మన వివరాల సంగతేమిటి?

మూడు లాంతర్ల దగ్గర నుంచి గంటస్తంభం వైపు నడుస్తూ ఒక సందులోకి తిరిగితే వచ్చే చిన్న ఇత్తడి సామాన్ల కొట్టులో గడిచిన ఆరు నెలల్లో మూడుసార్లు కొన్నాను, మూడుసార్లూ డెబిట్ కార్డుతోనే చెల్లించాను. బిందెల మందం గురించీ తూకం గురించీ చెప్పడానికి ఊళ్ళో నాకంటే తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ సంగతిని చివర్లో నాలుగు మాటలతో సరిపెడతాను. కార్డు సంచిలోంచి తీసినప్పటి నుంచి మళ్ళీ సంచిలో పెట్టుకునేదాకా ఆ కొట్టులో నా వివరాలు ఎవరెవరి కంటపడ్డాయి, వాటిలో ఏవి అక్కడే ఉండిపోయాయి అన్నదే నేను రాయదలచుకున్నది. పెద్ద షోరూముల విషయంలోనైతే ఇటువంటి ప్రశ్నలు అప్పుడప్పుడూ వినిపిస్తాయి గాని, ఇద్దరు మనుషులు నడిపే కొట్టు గురించి ఎవరూ అడగరు. అక్కడ పెట్టేదీ అదే కార్డు, దాని వెనక ఉన్నదీ అదే ఖాతా.

కొట్టు పేరు రాయడం లేదు. ఇలా రాయబోతున్నానని చెప్పినప్పుడు షావుకారుగారు నవ్వి, “రాసుకోండమ్మా, దానికేటి. నా పేరూ కొట్టు పేరూ మాత్రం ఎయ్యకండి” అన్నారు. గోప్యత గురించి రాస్తూ ఆయన అడిగిన ఆ ఒక్కటీ పాటించకపోతే బాగుండదు.

నాకీ పట్టింపు ఊరికే రాలేదు. కిందటి ఏడాది దసరాకు ముందు ఒక బట్టల దుకాణంలో బిల్లు కోసం వరసలో నిలబడ్డాను. కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి తల ఎత్తకుండానే నంబరు చెప్పమంది. నా ముందున్నావిడ పది అంకెలూ పైకి చెప్పింది, వినపడలేదంటే ఇంకొంచెం గట్టిగా చెప్పింది, ఆ తర్వాత పేరు, పుట్టినరోజు, పెళ్ళిరోజు కూడా చెప్పింది. వరసలో ఉన్న ఏడెనిమిది మందిమీ విన్నాం. నా వంతు వచ్చాక నంబరు ఇవ్వనంటే బిల్లు ముందుకు కదలదన్నారు, వెనకవాళ్ళు విసుక్కోవడం మొదలుపెట్టారు, చివరికి ఇచ్చేశాను. అయితే పెళ్ళిరోజు దగ్గర నోటికి వచ్చిన తేదీ ఒకటి చెప్పాను. ఆ అబద్ధపు తేదీ రోజున నాకు పెళ్ళిరోజు శుభాకాంక్షలు వచ్చాయి. పంపింది ఆ బట్టల దుకాణం కాదు, నేను ఎన్నడూ గడప తొక్కని ఒక నగల దుకాణం. ఆ తేదీ ప్రపంచంలో ఆ ఒక్క కంప్యూటరుకే తెలుసు. మా ఆయన దీన్ని పెద్ద హాస్యంగా తీసుకున్నారు గాని, నాకు మాత్రం ఆనాటి నుంచి ఏ బిల్లు బల్ల దగ్గరికి వెళ్ళినా ముందు చుట్టూ చూసుకోవడం అలవాటైపోయింది.

ఇత్తడి కొట్టుకు మొదటిసారి వెళ్ళింది మేనకోడలి పెళ్ళి సామాను కోసం. ఒక బిందె, రెండు కుందులు, ఒక మరచెంబు, ఒక పెద్ద పళ్ళెం కలిపి 11,460 రూపాయలైంది. కార్డిస్తానంటే షావుకారుగారు దాన్ని నా చేతిలోంచి అందుకోలేదు. మిషను నా వైపు తిప్పి, “మీరే పెట్టండమ్మా” అన్నారు. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, ఈ కొట్టుకు నేనిచ్చే మార్కుల్లో సగం దీనికే. కార్డును లోపలి గదికో పక్క బల్లకో పట్టుకెళ్ళే చోట్ల మన కంటికి కనపడని ఆ నిమిషంలో ముందువైపు ఒక ఫోటో, వెనకవైపు ఒక ఫోటో తీస్తే చాలు, కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉండే సీవీవీ అనే మూడంకెల రహస్య సంఖ్య, అన్నీ వాళ్ళ దగ్గర ఉన్నట్టే. మన దేశంలోని సైట్లు ఓటీపీ అడుగుతాయి కాబట్టి కొంత రక్షణ ఉంది. విదేశీ సైట్లు కొన్ని అడగవు.

మిషనులో కార్డు పెట్టి, పిన్ను కొట్టబోతూ యథాలాపంగా తల ఎత్తాను. గల్లాపెట్టె వెనక గోడకు వేలాడదీసిన చిన్న టీవీలో నా చెయ్యి నాకే కనిపించింది. నెత్తిన సరిగ్గా బల్ల మీదికి గురిపెట్టిన కెమెరా ఉంది, అందులో మిషను మీటలూ నా చూపుడువేలూ గాజుల రంగుతో సహా స్పష్టంగా కనిపిస్తున్నాయి. వెనక బిందెలు చూస్తున్న ఇద్దరు కొనుగోలుదారులకూ ఆ టీవీ కనిపిస్తూనే ఉంది. అంటే పక్కన నిలబడ్డవాళ్ళు తొంగిచూడకుండా ఎంత జాగ్రత్తపడినా, ఆ నాలుగంకెలూ గోడ మీద ప్రదర్శనకు పెట్టినట్టే, పైగా రికార్డు పెట్టెలో కొన్నాళ్ళపాటు భద్రంగా ఉంటాయి. వేలు ఆపేసి ఆ సంగతి చెప్పాను. ఆయన వెనక్కి తిరిగి టీవీ చూసి, “మా కొట్లో ఎవులు సూస్తారమ్మా” అన్నారు. ఆ వెంటనే మళ్ళీ ఒకసారి చూశారు. ఈసారి కొంచెం సేపు చూశారు. తర్వాత ఏమీ అనకుండా మిషను వైరు లాగి నా చేతికిచ్చి, “అలా గుమ్మం కాడికెళ్ళి నొక్కుకోండి” అన్నారు. గుమ్మం పక్కన గుండిగల వరస చాటున నిలబడి పిన్ను కొట్టాను.

గల్లాపెట్టె మీద కెమెరా పెట్టుకోవడం వ్యాపారికి అవసరమే. నోట్ల లెక్కలో తేడా వస్తే ఆయన చూసుకోవాల్సింది అదే. కెమెరా వద్దని నేననడం లేదు. మిషను దాని కిందే ఎందుకుండాలి అన్నదే ప్రశ్న. ఊళ్ళో మందుల షాపుల నుంచి కిరాణా కొట్ల దాకా గమనించి చూడండి, ఈ రెండూ ఒకే చోట ఉన్నవి ఎన్ని కనిపిస్తాయో.

ఇక మిషను సంగతి. మనం ఇప్పటికీ కార్డు “గీకడం” అనే అంటాం గాని, నిజానికి గీకడం ఎప్పుడో తగ్గిపోయింది. కార్డు వెనక ఉండే నల్లటి అయస్కాంతపు పట్టీలో ఉన్న సమాచారం ఎన్నిసార్లు గీకినా ఒకటే కాబట్టి దాన్ని ఒక్కసారి దొంగిలించినవాడు నకలు కార్డు తయారుచేసుకోగలిగేవాడు. చిప్పు అలా కాదు, ప్రతి చెల్లింపుకూ ఆ ఒక్కసారికే చెల్లే సంకేతాన్ని తయారుచేస్తుంది. అది దొరికినా రెండోసారికి పనికిరాదు. అందుకే ఉత్త పట్టీ కార్డులన్నిటినీ 2018 డిసెంబరు 31లోగా చిప్పు కార్డులుగా మార్చాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులను ఆదేశించింది. చిప్పుతో చెల్లించినప్పుడు సమాచారం మిషను నుంచి దాన్ని ఇచ్చిన బ్యాంకుకు, అక్కడి నుంచి రూపే, వీసా వంటి నెట్‌వర్కుకు, అక్కడి నుంచి మన బ్యాంకుకు వెళ్ళి, సరేనన్న జవాబు క్షణాల్లో తిరిగి వస్తుంది. ఈ ప్రయాణంలో షావుకారుకు దక్కేది మొత్తం ఎంతో, కార్డు చివరి నాలుగంకెలు, ఒక్కోసారి పేరు, అంతే. కాబట్టి నా ఉద్దేశంలో చిన్న కొట్టులో కార్డు మిషనును చూసి భయపడాల్సింది తక్కువే. మన వివరాలు జారిపోయేది మిషనులోంచి కాదు, దాని చుట్టుపక్కల జరిగే వ్యవహారంలోంచి.

ఆ చుట్టుపక్కల వ్యవహారంలో ఈ కొట్టుకున్న పెద్ద లోపం స్లిప్పుల తీగ. మిషను రెండు స్లిప్పులిస్తుంది, ఒకటి మనకు, ఒకటి వ్యాపారికి. రేపు ఎవరైనా ఆ చెల్లింపు తాను చెయ్యలేదంటే బ్యాంకుకు చూపించుకోవాలి కాబట్టి వ్యాపారి తన ప్రతిని దాచుకోవడం న్యాయమే. ఈయన దాచుకునే చోటు మాత్రం బల్ల చివర నిలబెట్టిన ఇనుప తీగ. పూర్వం చేబదులు చీటీలూ కరెంటు బిల్లులూ గుచ్చేవారే, అదే. నేను మరచెంబు మూత బిగుస్తుందో లేదో చూస్తూ నిలబడిన రెండు నిమిషాల్లో పైనున్న స్లిప్పు మీద ఒకరి పేరు, కార్డు చివరి నాలుగంకెలు, తేదీ, వేళ, చెల్లించిన మొత్తం చదివేశాను. చదవాలని చదవలేదు, కంటికి ఎదురుగా ఉంది. దాని కింద గుచ్చిన బిల్లులో ఊరు పేరు, ఫోన్ నంబరు కూడా ఉన్నాయి.

చివరి నాలుగంకెలతో ఎవరూ డబ్బు తియ్యలేరన్నది నిజమే. కాని “నమస్కారమండీ, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, మొన్న శుక్రవారం సాయంత్రం విజయనగరంలో ఇత్తడి సామాను కొట్టులో ఇంత చెల్లించారు కదా, మీ కార్డు చివరి అంకెలు ఇవి కదా, ఆ చెల్లింపులో ఒక ఇబ్బంది వచ్చింది, ఇప్పుడొచ్చే ఓటీపీ చెప్పండి” అని ఒక గొంతు వినిపిస్తే నమ్మనివాళ్ళు ఎంతమంది? వాడి మాటల్లో చివరిది తప్ప అన్నీ నిజాలే అయినప్పుడు ఆ చివరిది కూడా నిజమే అనిపిస్తుంది. విడివిడిగా ఉంటే పనికిరాని ముక్కలు ఒకే తీగకు గుచ్చితే పనికొస్తాయి. నా స్లిప్పును తీగకు గుచ్చకుండా సొరుగులో వెయ్యమని అడిగాను, వేశారు. మిగతావి అలాగే ఉన్నాయి.

రెండోసారి వెళ్ళింది ఒక రాగి చెంబు కోసం, 1,150 రూపాయలు. ఆ రోజు షావుకారుగారు లేరు, ఆయన మేనల్లుడట, ఇరవై ఏళ్ళ కుర్రాడు ఉన్నాడు. నేను కార్డు బయటికి తీశానో లేదో, మిషను నా చేతికి ఆనించేశాడు. తాకిస్తే చాలు చెల్లింపైపోయే పద్ధతి అది. 2021 జనవరి 1 నుంచి 5,000 రూపాయల వరకు పిన్ను లేకుండానే అయిపోతుంది. నాకది ఇష్టం లేక బ్యాంకు యాప్‌లో ఆపేసి ఉంచాను కాబట్టి మిషను కుదరదంది. “పిన్ను లేకుండా అయిపోద్దండి, టైము కలిసొస్తాది” అన్నాడు కుర్రాడు, నాకు తెలియక ఆపుకున్నాననుకుని. తెరమీద ఎంత మొత్తం పడిందో చూసుకోకముందే అయిపోవడమే నాకు నచ్చదని చెప్పాను. విసుక్కోకుండా మిషను నా ముందు పెట్టాడు. చెప్పుకోవాల్సిన సంగతేమంటే, అప్పటికి మిషను బల్ల మీద లేదు, కెమెరా చూపుకు అందని పక్క అరలోకి మారింది. మామయ్యే మార్చాడన్నాడు.

ఈ తాకించే పద్ధతినీ, ఆన్‌లైన్, విదేశీ చెల్లింపులనూ విడివిడిగా ఆపుకునే, తెరుచుకునే వీలు ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2020లోనే బ్యాంకులకు చెప్పింది. విదేశాలతో పనిలేని మాలాంటివాళ్ళు ఆ మీట కట్టేసి ఉంచుకోవడానికి ఏ అడ్డూ లేదు. మా ఇంట్లో ఇంకొక పద్ధతి కూడా ఉంది: సీవీవీ మూడంకెలూ కంఠస్థం చేసి, వాటి మీద బొట్టుబిళ్ళ అంటించాను. మొదట కుంకుమరంగుది అంటిస్తే కుర్రాడు దాన్ని చూసి నవ్వు ఆపుకోలేకపోయాడు, ఇప్పుడు నల్లది అంటిస్తున్నాను. నెలకొకటి మార్చాల్సి వస్తుంది.

ఫోన్ నంబరు దగ్గర ఈ కొట్టు నడవడిక బట్టల దుకాణానికి పూర్తిగా వేరు. బిల్లు పుస్తకంలో నంబరు కోసం ఒక గీత ఉంది గాని, అక్కర్లేదంటే ఖాళీగా వదిలేశారు. చాలాచోట్ల “జీఎస్టీ బిల్లుకి నంబరు కావాలండి” అంటారు, అది నిజం కాదు. మామూలు కొనుగోలుదారుకిచ్చే బిల్లు 50,000 రూపాయలకు లోపుంటే జీఎస్టీ నిబంధనల ప్రకారం పేరూ చిరునామా కూడా తప్పనిసరి కాదు, ఫోన్ నంబరు సంగతి ఆ నిబంధనలో అసలే లేదు. నంబరిస్తేనే బిల్లు అని పట్టుబట్టవద్దని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే వ్యాపార సంఘాలకు సూచించింది. అదే ఏడాది ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా వచ్చింది, అయితే అందులో ఒక మెలిక ఉంది: ఆ చట్టం వర్తించేది డిజిటల్ రూపంలో ఉన్న సమాచారానికీ, కాగితం మీద తీసుకుని తర్వాత డిజిటల్‌గా మార్చిన సమాచారానికీ మాత్రమే. ఇనుప తీగ మీది స్లిప్పులు ఆ లెక్కన చట్టానికి అందవు. దాన్ని ఎవరైనా ఫోన్‌లో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపిన మరుక్షణం సంగతి మారిపోతుంది.

ఇంత హైరానా ఎందుకు, ఫోన్‌పే చేసేయొచ్చు కదా అని అడిగేవాళ్ళకు ఒక మాట. యూపీఐలో డబ్బు అందుకున్నవారికి చెల్లించినవారి పేరు కనిపిస్తుంది, చాలామందికి యూపీఐ చిరునామాలో మొదటి పది అంకెలూ ఫోన్ నంబరే. షాపు పేరుతో కాకుండా షావుకారు సొంత ఖాతా స్కానర్ పెట్టిన చోట అవి నేరుగా ఆయన ఫోన్‌లోకే వెళ్తాయి. పైగా ఆ సౌండ్‌బాక్స్ ఒకటి. నేను నిలబడి ఉండగానే ఒక పెద్దాయన పెళ్ళి సామానుకు డబ్బు పంపితే, ఆ పెట్టె పదకొండు వేల చిల్లరో పన్నెండు వేల చిల్లరో సందు చివరిదాకా వినబడేట్టు ప్రకటించింది. ఆయన గబగబా తల తిప్పి చూసిన తీరు నాకింకా గుర్తుంది. యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకూ 2020 జనవరి నుంచి వ్యాపారి దగ్గర ఛార్జీ తీసుకోవడం లేదు కాబట్టి ఖర్చు దృష్ట్యా ఆయనకు రెండూ ఒకటే. క్రెడిట్ కార్డయితే మాత్రం రెండు శాతం అదనంగా అడుగుతున్నారు. అయితే కార్డు వాడితే ఎవరికీ ఏమీ తెలియదనుకోవడం కూడా పొరపాటే. ఏ కొట్టులో, ఏ వేళ, ఎంతకు కొన్నానో నా బ్యాంకుకు తెలుసు, అది ఏ రకం కొట్టో చెప్పే కోడు కూడా ఆ చెల్లింపుతోపాటే వెళ్తుంది. ఎక్కడా పేరు మిగలకూడదంటే నోట్లే ఇవ్వాలి. పదకొండు వేలు సంచిలో పెట్టుకుని మార్కెట్లో తిరగడం నాకు ఇష్టం లేదు.

ఇంకొక చిన్న మాట, స్లిప్పు గురించే. ఆ కాగితం వేడికి అచ్చయ్యే రకం, బీరువాలో పెట్టినా కొన్ని నెలలకు అక్షరాలు వెలిసిపోతాయి. నేను ఇంటికి రాగానే ఫోటో తీసుకుని, బ్యాంకు సందేశంలోని మొత్తంతో సరిచూస్తాను. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మూడోవాడి వల్ల ఖాతాలోంచి డబ్బు పోతే, మూడు పనిదినాల లోపల బ్యాంకుకు చెప్పినవారికి నష్టం అంటకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులైలో నిబంధన పెట్టింది. ఆలస్యమైతే ఆ రక్షణ తగ్గిపోతుంది కాబట్టి ఈ సరిచూడటం ఆరోజే చేసుకోవాలి. మోసం అని తేలితే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి కూడా ఫోన్ చెయ్యాలి.

మూడోసారి ఒక బిందె మీద పేరు చెక్కించడానికి వెళ్ళాను. మేనకోడలి పేరూ పెళ్ళి తేదీ చెక్కమన్నాను. (బిందె మెడ మీద తరతరాలకు నిలిచేట్టు పేరు చెక్కించుకునే మనం, పేరు చెప్పడానికి ఇంత ఆలోచించడమేమిటని మా ఆయన అన్నారు. అది నేను అడిగి చెక్కించుకున్నది, ఎక్కడ చెక్కాలో కూడా నేనే చూపించాను అన్నాను.) పని అయ్యాక కబురు చెయ్యాలి కాబట్టి ఈసారి కుర్రాడు నంబరు అడిగాడు. అడగడంలో న్యాయముంది, ఇచ్చాను. పుస్తకంలో రాయకుండా ఒక చీటీ మీద రాసి బిందెలో వేశాడు. నాలుగు రోజులకు ఫోన్ చేశాడు, వెళ్ళి తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కడగడానికి బోర్లిస్తే ఆ చీటీ సింకులో పడింది. ఆ కొట్టు నుంచి ఆ ఒక్క ఫోన్ తప్ప ఇప్పటిదాకా మరొకటి రాలేదు.

సామాను సంగతి: బిందె మందం బాగుంది, కుందులు ఒకదానికొకటి ఎత్తు సమంగా ఉన్నాయి, మరచెంబు మర మొదట బిగుతుగా ఉన్నా వాడగా వాడగా సర్దుకుంది. తూకం మన కళ్ళెదుటే వేస్తారు. పాత ఇత్తడి మార్పిడికి తీసుకుంటారు గాని ధర దగ్గర కొంచెం గట్టిగా మాట్లాడాలి. పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం జరిగే వారంలో మాత్రం వెళ్ళకండి. ఆ సందులో నిలబడటానికే చోటుండదు, మిషను చాటుగా పట్టుకుని పిన్ను కొట్టడం అసలే కుదరదు. అయిదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్కటీ తీగకు. మూడోసారి వెళ్ళినప్పుడు దాన్ని బల్ల చివర నుంచి గల్లాపెట్టె వెనక్కి జరిపారు, కాని స్లిప్పుల రాతవైపు ఇంకా ఇటే ఉంది.